నా జబ్బును నమ్మిన తోడికోడలు

పోయిన నెలలో ఒక పొద్దున కోదాడ నుంచి ఫోను వచ్చింది. మా తోడికోడలు ఉండే ఇంటి పక్కింటి కోడలు చేసింది. ముందు నా ఆరోగ్యం అడిగింది, మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగింది. ఆ తర్వాత మాట ఆగిపోయింది. నాకు అర్థమైంది. ఎప్పుడని అడిగాను. పాలు పోయించుకోవడానికి రోజూ బయట పెట్టే గిన్నె ఆవేళ పెట్టలేదట. తలుపు దగ్గరగా వేసి ఉందట. లోపలికి వెళ్లి చూస్తే ఒక పక్కకు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉందట.

నేను సూర్యాపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. ఫోను పెట్టేశాక అక్కడే కుర్చీలో చాలాసేపు కూర్చుండిపోయాను. వంటింట్లో కోడలు పప్పు తాలింపు వేస్తోంది. మనవరాలు బడికి జడ వేయించుకోవాలని దువ్వెన పట్టుకుని తిరుగుతోంది. చెప్పాలి. కానీ ఏమని చెప్పాలి? వాళ్ల దృష్టిలో ఆమె కోదాడలో ఒక్కతే ఉండే ముసలామె, పిల్లలు లేనామె, పండగలకు పోయి పలకరించి వచ్చే దూరపు పెద్దదిక్కు. నాకు ఆమె ఎవరో చెప్పాలంటే యాభై ఏళ్లు వెనక్కి పోవాలి. అప్పటి సంగతి తెలిసినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అత్తమ్మ, మామ ఎప్పుడో పోయారు. బావ పోయారు, మా ఆయన పోయారు. తెలిసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఆ సంగతి నాతో పంచుకునేవాళ్లు ఈ భూమ్మీద లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

మా పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర. పదహారేళ్లకు పెళ్లిచేసి కోదాడ పక్క పల్లెకు పంపారు. అత్తవారిది నడిమితరం వ్యవసాయం. జొన్న, ఆముదం, కొద్దిగా మిరప. కొడుకులు ఇద్దరు. పెద్దాయన భార్య నాకంటే పదేళ్లు పెద్దది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. పొడుగ్గా, చామనఛాయగా ఉండేది. మాట తక్కువ. ఒక అలవాటు మాత్రం నేను అత్తగారింటికి వచ్చిన మొదటి వారంలోనే కనిపెట్టాను. ఎవరైనా ఆమెతో మాట్లాడటం మొదలుపెడితే చేతిలో ఉన్న పని కింద పెట్టేసేది. చాట అయినా సరే, చీపురు అయినా సరే. మాట అయిపోయాక మళ్లీ ఎత్తుకునేది. పని తెమలదని అత్తమ్మ విసుక్కునేది. కొత్త కోడలిగా ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని నాకు అది ఎంత ఊరటో చెప్పలేను.

ఆమెకు పిల్లలు లేరు. ఊళ్లో ఆడవాళ్లు సీమంతానికి పిలిచేటప్పుడు మా గడప దగ్గర కాస్త తడబడేవాళ్లు. నన్ను పిలిచి, ఆమె వైపు చూసి, "నువ్వు గూడ రారాదా" అని వెనక నుంచి తగిలించేవాళ్లు. పనుందని చెప్పి ఆమె వెళ్లేది కాదు.

నాకు నెలలు నిండుతున్న రోజుల్లోనే మా ప్రాంతంలో నవాబు మనుషుల గొడవలు ముదిరాయి. ఆ కాలం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా తెలియదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మేమూ బండి కట్టుకుని జగ్గయ్యపేట వైపు, సరిహద్దు దాటి ఆవలి జిల్లాలోకి వెళ్లిపోయాం. పొగాకు కాల్చే ఖాళీ బ్యారనులో మాలాంటి మరికొన్ని కుటుంబాలతో తలదాచుకున్నాం. గోడలకు పొగాకు ఘాటు పట్టి ఉండేది. వానలు పడుతుంటే మా బాబు అక్కడే పుట్టాడు. ఆ ఊరి మంత్రసాని కాన్పు చేసింది, మా అక్క నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. "మొగపిలగాడు" అని మెల్లగా చెప్పి, తుడిచి, నా పక్కన పడుకోబెట్టింది.

కొద్దివారాలకే సైన్యం వచ్చిందని, గొడవలు ఖతమయ్యాయని కబురు తెలిసింది. అందరూ బండ్లు కట్టారు. దారిపొడుగునా జనం. ఎవరి ఊరు వస్తే వాళ్లు దిగిపోతూ, ఏడుస్తూ నవ్వుతూ. మా ఇంటికి తలుపులు లేవు. పాతరలో జొన్నలు లేవు. అయినా మామ గుమ్మంలో నిలబడి గోడను చేత్తో తడిమి, ఇల్లు నిలబడింది, చాలన్నారు. అందరూ పనిలో పడ్డారు. ఒకరు కప్పు సర్దుతున్నారు, ఒకరు గొడ్లను వెతుకుతున్నారు.

నేను మాత్రం రాలేదు. బండి దిగింది నా ఒళ్లే. నేను ఎక్కడో దారిలోనే ఉండిపోయాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

కోడి కూయక ముందే మెలకువ వచ్చేది. ఇంకో రోజు వచ్చిందే అన్న బెదురు గుండెల మీద కూర్చునేది. రొట్టె నోట్లో పెట్టుకుంటే నములుతూనే ఉండేదాన్ని, మింగాలన్న సంగతి గుర్తుకొచ్చేది కాదు. దువ్వెన చేతిలో పట్టుకుని పొద్దెక్కేదాకా కూర్చునేదాన్ని. బాబు ఏడుస్తుంటే పక్కింటి పిల్లవాడు ఏడుస్తున్నట్టు వినపడేది. ఎవరో వచ్చి ఎత్తుకుంటారులే అనుకునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు. ఏడుపు వస్తే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అన్నిటికంటే సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. మా వీధిలోనే ఒకామె భర్తను పోగొట్టుకుంది. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని చేలో పనిచేస్తోంది. నాకు భర్త ఉన్నాడు, పచ్చి బాలింతనని ఇంట్లో అందరూ చూసుకుంటున్నారు, బంగారంలాంటి కొడుకు. "నీకేం తక్కువైంది?" అని చూడవచ్చిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. నేనూ అదే అడుక్కునేదాన్ని. జవాబు దొరకకపోతే తప్పు నాదే అనిపించేది. నాలాంటి తల్లికి ఈ బిడ్డ ఎందుకు పుట్టాడా అనుకునేదాన్ని.

అత్తమ్మ చెడ్డది కాదు. మొదట్లో పథ్యం వండి పెట్టింది, మిరియాల కషాయం తాగించింది. నెల గడిచేసరికి ఆమెకు భయం పట్టుకుంది. బ్యారనులో ఉన్నప్పుడే గాలి సోకిందని తేల్చింది. ఎవరో మంత్రగాణ్ని పిలిపించారు. ఆయన నన్ను ముగ్గులో కూర్చోబెట్టి వేపమండలతో వీపు మీద, భుజాల మీద కొట్టాడు. నువ్వెవరో చెప్పమని గద్దించాడు. నేను చెప్పడానికి ఏముంది? అతను వెళ్లిపోయాక మా అక్క నూనెగిన్నె తెచ్చి గీరల మీద రాసింది. నొప్పిగా ఉందా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే తెలియలేదు.

ఆమె చెయ్యి ఆగింది. "దయ్యమైతే దెబ్బకు పోవాలె. పోలె" అంది. "ఇది ఇంకేదో ఉన్నది. సూద్దాం."

ఆ 'సూద్దాం' అన్న మాట ఆ ఇంట్లో నాతో కలిపి చెప్పిన మొదటి మాట. అంతవరకూ నేను చేయాల్సినవి, నాకు చేయాల్సినవి ఉండేవి. ఇద్దరం కలిసి చూడాల్సింది ఒకటుందని ఎవరూ అనలేదు.

నా పాలు తగ్గిపోయాయి. మేకపాలు కాచి, నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో బాబుకు పట్టేది ఆమే. స్నానం పోసేది ఆమే. వాడికి ఆమె గొంతు తెలిసింది, ఆమె నడిచివస్తుంటే అడుగుల చప్పుడుకు తల తిప్పేవాడు. ఊళ్లో మాట పుట్టింది. దేవుడు పెద్దకోడలి మొర ఆలకించి చిన్నకోడలి కడుపున బిడ్డనిచ్చాడని. ఆ మాట చాటుగా అన్నది కాదు. ఆమె ముందే అన్నారు, దీవెనలాగా.

చలికాలంలో ఒకరోజు మా నాయన మిర్యాలగూడ నుంచి బండి కట్టుకుని వచ్చారు. అత్తవారే కబురు పెట్టారు. వాకిట్లో అందరూ కూర్చున్నారు. నేను లోపల మంచం మీద పడుకుని వింటున్నాను. అత్తమ్మ చాలా మర్యాదగా చెప్పింది. పిల్లను పుట్టింటికి తీసుకుపోండి, బాగైతే చూద్దాం, పిల్లవాడు మాత్రం పెద్దకోడలి దగ్గర ఉంటాడు, వాడికేం లోటు రానివ్వం. చిన్నవాడిది ఇంకా చిన్న వయసు, వాడి సంగతి కూడా ఆలోచించాలి కదా అంది. అంటే ఇంకో పెళ్లి. మా ఆయన నేల చూస్తూ కూర్చున్నారట. ఇరవై రెండేళ్ల మనిషి, తండ్రి ముందు నోరెత్తి ఎరగడు.

మీకు నిజం చెప్పాలి. ఆ మాటలు వింటుంటే నాకు హాయిగా అనిపించింది. నేను దూరంగా ఉంటేనే బిడ్డ బాగుపడతాడు, అందరూ బాగుపడతారు అనుకున్నాను. ఆ జబ్బు మనిషి చేత అలాగే అనిపిస్తుంది. అది జబ్బు చెప్పే మాట అని అప్పుడు నాకు తెలియదు.

మా అక్క బాబును ఎత్తుకుని వాకిట్లోనే ఉంది. లేచి లోపలికి వచ్చింది. వాణ్ని నా పక్కన పడుకోబెట్టి, నా చెయ్యి తీసి వాడి మీద వేసింది. బయటికి వెళ్లింది. ఆమె గొంతు పెంచలేదు, కానీ ప్రతి మాటా నాకు వినబడింది.

"పిలగాన్ని ఎత్తుకుంట. ఉంచుకోను. వానికి తల్లి ఉన్నది. తల్లికి పానం బాగలేదు, గంతే. కాలిరిగితే మంచంల పండబెడ్తం గని, పుట్టింటికి తోలి ఇంకొకదాన్ని తెచ్చుకుంటమా?"

"సంతోషంగ ఇస్తుంటే వద్దంటవేందే?" అంది అత్తమ్మ. "నీ కడుపున ఎట్లాగూ..." అని ఆగిపోయింది.

అప్పుడు బావ గొంతు సవరించుకుని, ముందు సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయి చూపిద్దామన్నారు. మా నాయన తానూ వస్తానన్నారు. అలా నేను ఆ ఇంట్లో మిగిలాను.

దవాఖానకు వెళ్లాం గానీ కథ అక్కడ తేలలేదు. ఆ రోజుల్లో జ్వరాలవాళ్లు, గాయాలవాళ్లు వరండా దాటి బయటిదాకా కూర్చునేవాళ్లు. డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, నాడి పట్టుకుని, రక్తం లేదని సీసాలో ఎర్రటి మందు పోయించి పంపారు. ఆయనను తప్పుపట్టను, నా గురించి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను చెప్పలేదు, మగవాళ్లకు చెప్పడం తెలియదు. మందు తాగాను. ఏమీ మారలేదు. దవాఖాన కూడా అయిపోయింది కదా, ఇంకేముంది అనిపించింది. ఆ తర్వాతి రోజులు అన్నిటికంటే పాడు రోజులు.

ఒక మధ్యాహ్నం బాబు నిద్రపోతుంటే నేను దొడ్డి దాటి బయటికి నడిచాను. ఎక్కడికి పోతున్నానో నాకు తెలుసు. అది ఇక్కడ రాయను. ఎదురుగా మా అక్క గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చేను నుంచి వస్తోంది. నా మొహం చూసింది. మోపు కింద పడేసింది. అక్కడే బాట మీద, దుమ్ములో కూర్చుని, నన్నూ కూర్చోమంది. నేను కూర్చున్నాను.

"సావాల్ననిపిస్తున్నదా?" అని అడిగింది.

ఆ మాట అంత మామూలుగా, ఆకలవుతోందా అన్నట్టు అడగొచ్చని నాకు తెలియదు. ఊరంతా నన్ను చూసి ఏవేవో అడిగారు గానీ ఈ ఒక్కటీ అడగలేదు. అడిగితే నిజమవుతుందని భయం కాబోలు. నేను తల ఊపాను. అప్పుడు ఏడుపు వచ్చింది. బ్యారను నుంచి వచ్చాక అదే మొదటిసారి. ఎందుకు ఏడుస్తున్నానో తెలియదంటే ఆమె, "ఏడువు. ఎందుకో తర్వాత ఎతుకుదాం" అంది. గడ్డిమోపు బాట మధ్యలో పడి ఉంది. పోయేవాళ్లు పక్క నుంచి పోయారు. పొద్దు వాలేదాకా మేమిద్దరం అక్కడే ఉన్నాం.

ఇంటికి నడుస్తూ అంది. "మల్ల పోదాం దవాఖానకు. ఆ డాక్టరుకు తెల్వకపోతే ఇంకో డాక్టరుకు తెలుస్తది."

నేను సిగ్గుపడ్డాను. ఈ సంగతి పరాయివాళ్లకు ఎట్లా చెప్పుకుంటామన్నాను.

"జరమొస్తే సిగ్గుపడ్తవా?" అంది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను ఒంటరిగా వదల్లేదు. కాపలా కాసినట్టు ఉండేది కాదు. చేనుకు పోతే నన్నూ తీసుకుపోయేది. ఆముదం కాయలు ఒలుస్తుంటే నా ముందూ ఒక కుప్ప పోసేది. నేను ఒలిచినా ఒలవకపోయినా ఏమీ అనేది కాదు. కొద్దిరోజుల్లోనే కోదాడలో ఎవరినో అడిగి తెలుసుకుంది, సూర్యాపేటలో ఆడవాళ్లను చూడటానికి ఒక లేడీ డాక్టరు కొత్తగా వచ్చిందని. బావను ఒప్పించి మళ్లీ బయలుదేరదీసింది. బాబునూ తీసుకెళ్లాం.

ఆ డాక్టరమ్మ మద్రాసు వైపు చదువుకుని వచ్చిన మనిషి. నెరుస్తున్న జుట్టు, ఇస్త్రీ లేని తెల్ల చీర. మగవాళ్లను బయట కూర్చోమంది. ముందు నన్ను అడిగింది, నేను నోరు విప్పలేకపోయాను. అప్పుడు మా అక్క చెప్పింది. నేను ఎప్పటి నుంచి నిద్రపోవడం లేదో, ఎంత తింటున్నానో, దువ్వెన పట్టుకుని ఎట్లా కూర్చుంటానో, చివరికి బాట మీద నేను తల ఊపిన సంగతి. ఒక్కటీ పెంచలేదు, ఒక్కటీ దాచలేదు. ఆమె ఇంతగా నన్ను చూస్తూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నిజమేనా అమ్మా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగింది. ఈసారి నోటితోనే అవునన్నాను.

"ఇది పిచ్చి కాదు, దయ్యమూ కాదు" అందావిడ. "కాన్పు తర్వాత కొంతమందికి మనసుకు జబ్బు చేస్తుంది. నువ్వు భయంతో ఊళ్లు పట్టుకు తిరిగావు, పచ్చి ఒళ్లు, నిద్ర లేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. తగ్గుతుంది. కానీ రేపే తగ్గదు."

నిద్రకు మందు ఇచ్చి కొన్నాళ్లు వార్డులోనే ఉంచింది. రోజూ వచ్చి మంచం అంచున కూర్చుని మాట్లాడేది. మా అక్క నేల మీద చాప వేసుకుని నా దగ్గరే ఉంది. పంపించేటప్పుడు డాక్టరమ్మ చాలా సంగతులు చెప్పింది. ఒంటరిగా ఉంచొద్దు, తిట్టొద్దు, నెలకోసారి తీసుకురండి, మధ్యలో మళ్లీ ఎక్కువైతే భయపడొద్దు, వెంటనే రండి. అన్నీ విన్నాక మా అక్క ఒక్కటే అడిగింది. "పిలగాడు దగ్గరుంటే దీనికి మంచిదా, చెడ్డదా అమ్మా?"

మీరు పక్కన ఉంటే మంచిదేనంది డాక్టరమ్మ.

అక్క ఆ మాటను మందు చీటీలాగే పాటించింది. రోజూ పొద్దున, సాయంత్రం బాబును తెచ్చి నా ఒళ్లో పెట్టి పక్కనే కూర్చునేది. నా చేతులు కట్టెల్లాగా ఉండేవి. వాడు ఆమె వైపు చేతులు చాచి ఏడ్చేవాడు. నాకేమీ అనిపించడం లేదక్కా అని ఒకరోజు చెప్పేశాను. తల్లి నోట రాకూడని మాట అది.

"పాయిరం రావాల్నని లేదు" అంది. పాయిరం అంటే మా వైపు ముద్దూ ప్రేమా కలిసిన మాట. "పట్టుకో, సాలు."

పట్టుకున్నాను. చాలాకాలం అంతే, పట్టుకున్నాను.

ఎండాకాలంలో ఒకరోజు అత్తమ్మ బాబుకు మొలతాడు కడుతోంది. వాడు గింజుకుంటున్నాడు. నేను అరుగు మీద నుంచి, "అంత గట్టిగ కట్టకు అత్తమ్మా, నొస్తది వానికి" అన్నాను. విసురుగా అన్నాను. వాకిట్లో అందరూ తిరిగి చూశారు. ఇన్ని నెలల్లో నేను కోపంగా మాట్లాడటం అదే మొదలు. అత్తమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మా అక్క మాత్రం నవ్వింది, చేతిలోని చాట కింద పెట్టి మరీ నవ్వింది. ఆ తర్వాత అత్తమ్మ మొలతాడు వదులు చేసి బాబును తెచ్చి నాకే ఇచ్చింది. ఆ సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది.

అక్కడితో అయిపోలేదు. వానలు మొదలయ్యాక మళ్లీ కిందికి జారాను. బ్యారను మీద పడ్డ వాన చప్పుడే చెవుల్లో మోగేది. ఇక ఇంతేనని నేననుకున్నాను. అక్క అనుకోలేదు. డాక్టరమ్మ ఇట్లా అవుతుందని చెప్పింది కదా అని గుర్తుచేసి సూర్యాపేటకు తీసుకుపోయింది. ఈసారి తొందరగా తేరుకున్నాను. చలి మొదలయ్యేనాటికి బాబు ఏడిస్తే నా బాబు ఏడుస్తున్నాడని వినబడేది. ఆ తేడా ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఒకరోజు చూసుకుంటే వచ్చి ఉంది.

తర్వాత బతుకు మామూలు బతుకే. మా ఆయన సూర్యాపేటలో వ్యాపారం పెట్టారు, మేము ఇక్కడికి వచ్చేశాం. మాకు కూతురు పుట్టినప్పుడు, ఎవరూ పిలవకుండానే, అక్క ఒక సంచి పట్టుకుని దిగి మూడు నెలలు ఉంది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని నిర్ధారించుకున్నాకే వెళ్లింది. ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

బావ పోయాక ఆమె పల్లె వదిలి కోదాడలో చిన్న ఇల్లు తీసుకుని ఉంది. మా దగ్గరికి రమ్మంటే వచ్చేది కాదు. ఇక్కడ తన అడుగులు తనకు తెలుసంది. నేనే పోయి వస్తుండేదాన్ని. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. చల్లారిన చాయ్ తాగడం ఆమెకు ఇష్టం. పోసిన చాయ్ అలాగే వదిలేసి, మీగడ కట్టాక తీసుకుని తాగేది.

ఈ చలికాలంలో వెళ్లినప్పుడు, ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది అడిగాను. ఇద్దరం ఎండలో కూర్చున్నాం. ఆమెకు వినికిడి తగ్గింది, కాస్త గట్టిగా అడగాల్సి వచ్చింది. "అక్కా, అప్పుడు పిలగాన్ని నీకే ఇస్తమన్నరు గదా. ఆశ పడలేదా?"

"పడిన" అంది వెంటనే. "రోజు పడిన. వాడు నా మెడ కరుచుకున్నప్పుడల్ల పడిన. అందుకే జల్ది జల్ది తెచ్చి నీ పక్కల పండబెట్టేదాన్ని."

ఆమె వీధిలోకి చూస్తూ తానే మొదలుపెట్టింది. నేను ఆ ఇంటికి రాకముందు, పిల్లలు కలగడం లేదని ఊరు పేరు పెట్టిన తొలిరోజుల్లో, ఒక ఏడాది పొడుగునా తనకూ అట్లాగే అయిందట. పని చేస్తూనే ఉండేదట, అందుకని ఎవరికీ తెలియలేదట.

"ఎవరూ అడుగలె" అంది. నిందలాగా అనలేదు.

"మరి ఎట్ల తగ్గిందక్కా?"

"తగ్గింది. ఎన్నడో, అదే తగ్గింది. గట్ల ఒక్కదానివే పడి తగ్గుడు నీకు వద్దనుకున్న."

చాయ్ మీద మీగడ కట్టింది. తీసుకుని తాగింది. సాయంత్రం బస్సుకు నేను వచ్చేశాను. ఆమెను చూడటం అదే ఆఖరు.

కోదాడలో కార్యం అంతా మా అబ్బాయే చేశాడు. యాభై దాటిన మనిషి, తల గొరిగించుకుని, తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పాపం పిల్లల్లేని మనిషి, మరిది కొడుకు మంచివాడు గనుక చేశాడు అని వచ్చినవాళ్లు అనుకున్నారు. వాళ్లకు ఏమని చెప్పను? ఆ కొడుక్కి తల్లిని మిగిల్చింది ఆమేనని వాడికే పూర్తిగా తెలియదు. ఇది అచ్చయ్యాక చదువుతాడేమో.

ఇప్పుడు ఈ జబ్బుకు మంచి మందులు వచ్చాయని, దీనికోసమే చదువుకున్న డాక్టర్లు ఉన్నారని వింటున్నాను. సంతోషం. కానీ దవాఖాన గుమ్మం దాకా నడిపించడానికి పక్కన ఒక మనిషి కావాలి. మీ ఇంట్లో ఎవరైనా తినడం మానేసి, దువ్వెన పట్టుకుని కూర్చుంటే, వాళ్లకేం తక్కువైందని అడగకండి. ఎట్లా ఉందని అడగండి. చేతిలో పని కింద పెట్టి వినండి.

దినవారాలు అయ్యాక మిగతావాళ్లు సామాను సర్దడానికి ఆగితే, నేను ఒక్కదాన్నే ముందు బస్సులో సూర్యాపేట బయలుదేరాను. కిటికీ పక్క కూర్చున్నాను. మధ్యలో ఒక స్టాపులో ఎవరో నడివయసు ఆమె సంచులతో ఎక్కి, నా పక్క సీటు చూపించి, "ఈడ ఎవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగింది. నేను ఆ ఖాళీ సీటు వైపు చూశాను. ఆమె కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. బస్సు కదిలింది, బయట పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. కొంతదూరం పోయాక, లేరని చెప్పి, కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాను.